చౌడు

షమీమ్ కానిస్టేబులు బండి దిగి
గడప తొక్కకుండా వీధిలోనే నిలబడి అడిగింది:
"నీళ్ళుంటే ఇయ్యక్కా."
నీళ్ళ కోసం రాలేదని నాకు తెలుసు.
ఎర్రగుంట్ల నుంచి ఇంత దూరం
ఈ ఎండలో ఎవరొస్తారు నీళ్ళకు.

చంకలో అట్టముక్క, అట్టకు కాగితం.
పైవీధిలో అందర్నీ అడిగి వచ్చిందంట,
రేషను డీలరును, పక్కింటోళ్ళను, ఎదురింటోళ్ళను:
పదైదు దినాలు వాడు ఊరికొస్తే
మీకేమన్నా అభ్యంతరమా అని.
ఎవరికీ లేదంట.
"నిన్ను అడగాలని కాగితంలో లేదక్కా.
నేనే వచ్చినా."

కాగితంలో నేను యాడా ఉండను.
కడప కోర్టులో కూడా నేను పి.డబ్ల్యు. ఒకటి.
నా పేరు రాయగూడదంట,
నా మేలుకేనంట.
పేరు లేని దాని సంతకం ఎవరికి కావల్ల?

శిక్ష పడిన దినం
జడ్జమ్మ "పదేండ్లు" అనింది.
నేను బండలు కొలిచే మనిషిని.
రెండడుగులంటే రెండడుగులే,
వేలెడు తగ్గినా లారీ కాడ మేస్త్రీ ఒప్పుకోడు.
ఆ ఒప్పుకోని మేస్త్రీ వాడే.
పదంటే పదే అనుకున్నా.
లోపల ఏడాదికి అంచులు కోస్తారని
తర్వాత తెలిసింది:
వంకాయ మళ్ళకు నీళ్ళు పెడితే కొన్ని దినాలు,
గొడవ పడకుంటే కొన్ని.
సత్ప్రవర్తన అని దానికి పేరు.
ఆడ ఆడోళ్ళు లేరు గదా షమీమా,
మంచోడు కాక ఏం చేస్తాడు?
షమీమ్ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

"కారణమేం రాసినాడు?"
"మిద్దె ఉరుస్తాందంట. వానలొచ్చే లోపల
చౌడు పోయల్లంట. అమ్మకు ఎవరూ లేరంట."

అది అబద్ధం కాదు.
పోయిన తుపానుకు వాళ్ళమ్మ సుంకులమ్మ
గిన్నెలు పరిచి, వాటి మధ్య
రెండు రాత్రులు కూర్చునే ఉండింది.
వాడు రావడానికి అభ్యంతరం లేనోళ్ళకు
ఆమె మిద్దె ఎక్కడానికి మాత్రం తీరిక లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పదైదు దినాలు
బోరింగు కాడికి ఏ పొద్దులో పోవల్లో,
పాలిషు ఫ్యాక్టరీకి ఏ దోవన తిరగల్లో,
లెక్క పెట్టినా.
మళ్ళీ ఆ దగ్గు వినపడితే
నాలుక ఎండుతుందేమోనని
చీకట్లో పెదాలు తడుపుకుంటానే ఉన్నా.

తెల్లారక ముందే లేచి
గంపా పారా తీసుకున్నా.
మా వదిన ఎంగటలచ్చుమ్మ "యాడికే?" అనింది.
చెప్తే తిట్టింది.
తిట్టి, తిట్టి
తన గంప కూడా తెచ్చుకుంది.
చౌటిదిబ్బ కాడ ఇంకిద్దరు కలిసినారు,
నాతో బండలెత్తేటోళ్ళు.
ఎందుకని అడగలేదు.

సుంకులమ్మ తలుపు తీసి చూసింది.
కోర్టులో ఆమె
నా కొడుకు అట్లాంటోడు కాదని
రెండు చేతులెత్తి మొక్కింది.
ఆ చేతులతోనే ఇప్పుడు
నిచ్చెన ఈడ్చుకొచ్చి గోడకు ఆనించింది.
ఏమీ అనలేదు.
క్షమించినా అని నేనూ అనలేదు,
అది నిజం కాదు.

ఇరవై మూడు గంపలు.
పాత చౌడు గీకి, గడ్డి పెరికి,
దోనె కాడ వాలు సరిచేసి తొక్కినాం.
గవాచిలోంచి కిందికి చూస్తే
కొయ్యకు వాడి నీలం చొక్కా,
ఉతికి తగిలించి ఉంది
రేపే తొడుక్కునేటట్టు.
నా చెయ్యి ఆగింది.
తర్వాత బండముక్క జరిపి
గవాచి మూసినా.

మధ్యాన్నం షమీమ్ మళ్ళీ వచ్చింది, ఎస్సై వెంట.
ఆయన మిద్దె ఎక్కి, బూటుతో తొక్కి చూసి
రాయించినాడు:
మిద్దె బాగున్నది. కారణం లేదు.

లేదంటే ఈ ఏటికి.
వచ్చే ఏడు అమ్మకు కంటి ఆపరేషను అంటాడు,
ఆ పైయేడు ఎవరిదో పెండ్లి అంటాడు.
ఎన్ని కారణాలకని చౌడు మోసేది?

ఆ రాత్రే వాన దిగింది, ఉరుముల్తో.
పైవీధిలో ముసలామె
పొడి నేల మీద పండుకోనుంటుంది
అనుకుంటా,
గడియ ఇంకోసారి తడిమి చూసి
నేనూ పండుకున్నా.